కంప్యూటరు సిమ్యులేషన్: పాత తెర, కొత్త తెర

ఒక ఇరుసుపై బరువు పడినచో అది ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అనే ప్రశ్నకు సమాధానం చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములు నేడు నిజామాబాదు, బోధన్ ప్రాంతపు ఇంజనీరింగు విద్యార్థులకు కొత్తవి కావు. యంత్రభాగాన్ని వేలకొలది చిన్న మూలకాలుగా విభజించి, ఒక్కొక్క మూలకానికి సమీకరణాలు కూర్చి, అన్నింటినీ ఏకం చేసి సాధించే ఈ విధానాన్ని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో మన విద్యార్థుల చెవిన ఎక్కువగా పడే పేరు ఆన్సిస్. చిత్రమేమనగా, ఈ ఒక్క ఆన్సిస్‌కే రెండు ముఖాలు కలవు. ఒకటి ఆజ్ఞలు టైపు చేసి నడిపే పాత ముఖం. దానిని క్లాసిక్ అనీ, మెకానికల్ ఏ.పి.డి.ఎల్. అనీ అంటారు. రెండవది బొమ్మలను నొక్కి నడిపే కొత్త ముఖం, వర్క్‌బెంచ్. ఇరుసుల బలం లెక్కించే పనిలో ఈ రెండింటి వెనుక ఉండి సమీకరణాలు సాధించే యంత్రాంగం మాత్రం ఒక్కటే.

యంత్రాంగం ఒక్కటే అయినప్పుడు ముఖం ఏదైతేనేమి అని కొందరు అడుగవచ్చు. ఆ మాట సరికాదని నా అభిప్రాయం. విద్యార్థి ఏ నిర్ణయాలను తాను స్వయంగా తీసుకుంటాడు, ఏ నిర్ణయాలు అతనికి తెలియకుండానే జరిగిపోతాయి అన్నది ఈ ముఖాన్ని బట్టే ఉంటుంది. పాఠం కొత్త తెర మీదనే ప్రారంభించవలెను. అయితే పాత తెర తన వెంట విడిచిపోయే రాతపూర్వకమైన ఆధారాన్ని విద్యార్థి నుండి తప్పక అడుగవలెను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతా దానికి కారణాలు.

ఆన్సిస్‌కు మూలపురుషుడు జాన్ స్వాన్సన్. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం వద్ద వెస్టింగ్‌హౌస్ సంస్థలో పనిచేసి బయటకు వచ్చి, 1970లో సొంత సంస్థను నెలకొల్పినాడు. ఆనాడు కంప్యూటరుకు తెర అనేది అందరికీ అందుబాటులో లేదు. రంధ్రాలు పొడిచిన అట్టకార్డుల మీద లెక్కను రాసి, కట్ట కట్టి యంత్రానికి అప్పగించేవారు. ఒక్కొక్క కార్డుకు 80 నిలువు వరుసలు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు తయారైన నాస్ట్రాన్ అనే ప్రోగ్రాములో ఆ 80 వరుసలను ఎనిమిదేసి చొప్పున పది గళ్లుగా విభజించినారు. అంకె ఒక గడి పక్కకు జరిగినచో లెక్క తప్పినట్లే. కార్డులు పోయి దశాబ్దాలు గడిచినా, నాస్ట్రాన్ వాడేవారు నేటికీ ఫైలులోని ఒక వరుసను 'కార్డు' అనే పిలుస్తారు.

పాత ఆన్సిస్ ఆజ్ఞలు ఆ కార్డుల సంతానమే. మొదట 'ప్రెప్ సెవెన్' అని రాసి సన్నాహ విభాగంలో ప్రవేశించవలెను. తరువాత మూలకం రకం ఒక వరుస, పదార్థపు యంగ్ గుణకం ఒక వరుస, బిందువులు, రేఖలు, బరువులు, చివర 'సాల్వ్' అనే ఒక్క మాట. మొదటిసారి చూచినవానికి ఇది పూజారి గొణిగే మంత్రం వలె తోచుట సహజం. పైగా అందులో ఒక పెద్ద గొయ్యి ఉన్నది. పాత తెర కొలమానాల సంగతి పట్టించుకోదు. మీటర్లా, మిల్లీమీటర్లా అన్నది వాడేవాడే మనసులో పెట్టుకోవలెను.

ఒక చిన్న లెక్క చూతము. ఒక మీటరు పొడవు, 50 మిల్లీమీటర్ల చదరపు ముఖం గల ఉక్కు కడ్డీని ఒక చివర గోడలో బిగించి, రెండవ చివర 1000 న్యూటన్ల బరువు వేసినామనుకొనుడు. ఉక్కు యంగ్ గుణకం 200 గిగాపాస్కళ్లు. పుస్తకంలోని సూత్రం ప్రకారం కడ్డీ కొన 3.2 మిల్లీమీటర్లు వంగుతుంది. గోడ వద్ద ప్రతిబలం 48 మెగాపాస్కళ్లు. ఇప్పుడు విద్యార్థి పొడవులను మిల్లీమీటర్లలో ఇచ్చి, గుణకాన్ని మాత్రం పాస్కళ్లలోనే ఉంచినాడనుకొనుడు. అప్పుడు యంత్రం ఇచ్చే వంపు 0.0000032. అనగా పది లక్షల రెట్లు తక్కువ. యంత్రం ఒక్క హెచ్చరిక కూడా చేయదు. ప్రతిబలం మాత్రం 48 అనే సరిగ్గా వస్తుంది, ఎందుకనగా ఈ కడ్డీలో ప్రతిబలానికి గుణకంతో పని లేదు. దాన్ని మాత్రమే చూచి విద్యార్థి సంతోషించి ఇంటికి పోగలడు.

ఈ విషయంలో కొత్త తెర నిస్సందేహంగా మేలు. 2009లో వెలువడిన 12వ ప్రతితో వర్క్‌బెంచ్ నేటి రూపానికి వచ్చినది. కొలమానం ముందుగానే ఎంచుకోవలెను; తరువాత మార్చినా అంకెలు తమంత తామే మారుతాయి. ఇంతే కాదు. వర్ని, కోటగిరి, రెంజల్ వంటి మండలాల గ్రామాల నుండి వచ్చి, కళాశాలలోనే మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి ఆ బొమ్మల తెర ఒక తెరచిన తలుపు. ఎడమవైపు పనుల జాబితా వృక్షం వలె దిగుతుంది. పూర్తి కాని చోట ప్రశ్నార్థకం, పూర్తయిన చోట పచ్చని గుర్తు. ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి చదివిన అమ్మాయి, తెలుగు మాధ్యమంలో చదివిన అబ్బాయి పక్కపక్కన కూర్చుని, ఆంగ్ల వాక్యం ఒక్కటి కూడా రాయకుండా మొదటి వారంలోనే ఒక ఫలితాన్ని చూడగలరు. పాత తెర మీద ఆ స్థితికి రావడానికి నెల పట్టేది. ఆ నెలలోనే సగం మంది విరమించుకునేవారు. కష్టపడి నేర్చినదే విద్య అని పెద్దలు అనవచ్చును గాని, అనవసరమైన కష్టాన్ని విద్యకు గీటురాయిగా పెట్టుట న్యాయం కాదు.

ఇక్కడి నుండే అసలు చిక్కు ప్రారంభమవుతున్నది. దీనికి మన ప్రాంతపు యంత్రాన్నే ఉదాహరణగా తీసుకొందము. 1937లో ఏర్పడిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. శక్కర్‌నగర్ అనే పేరు మాత్రం మిగిలి ఉన్నది. (ఉర్దూ శక్కర్, తెలుగు చక్కెర రెండూ ఒక్క శర్కర బిడ్డలే అని మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.) ఏ చక్కెర మిల్లులోనైనా చెరకును పిండేది బరువైన రోలర్లు. సామాన్యంగా ఒక్కొక్క మిల్లులో మూడు ముఖ్యమైన రోలర్లు ఉంటాయి. పై రోలరు మీద హైడ్రాలిక్ ఒత్తిడితో వందల టన్నుల భారం పడుతుంది. రోలరులో నడుమ ఇరుసు పోత పోసి సాగగొట్టిన ఉక్కు. దానిపై తొడుగు గాళ్లు చెక్కిన పోత ఇనుము. తొడుగును వేడి చేసి వ్యాకోచింపజేసి ఇరుసు మీదికి ఎక్కిస్తారు. చల్లారిన తరువాత అది ఇరుసును గట్టిగా కౌగిలించుకుంటుంది. బండి చక్రానికి ఇనుప పట్టా తొడిగే పద్ధతి చూచినవారికి ఇది కొత్త కాదు.

మన ప్రాంతపు మెకానికల్ విద్యార్థికి ఇంతకంటె మంచి ప్రాజెక్టు దొరకదు. అతడు ఈ రోలరును గీసి వర్క్‌బెంచ్‌లోనికి తెచ్చినాడనుకొనుడు. అతడు ఒక్క మాట చెప్పక ముందే కొత్త తెర కొన్ని నిర్ణయాలు చేసివేస్తుంది. మొదటిది, లోనికి వచ్చిన ప్రతి భాగానికీ 'స్ట్రక్చరల్ స్టీల్' అనే పదార్థాన్ని అంటగడుతుంది: గుణకం 200 గిగాపాస్కళ్లు, పాయిజాన్ నిష్పత్తి 0.3, సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు. ఇరుసుకు ఇది ఇంచుమించు సరిపోవును. పోత ఇనుప తొడుగుకు సరిపోదు. సాధారణ పోత ఇనుము గుణకం ఉక్కుతో పోల్చినచో ఎంతో తక్కువ, తరచు సగానికి దగ్గర. ఉక్కు సాగి విరుగుతుంది, పోత ఇనుము సాగకుండానే పగులుతుంది. విద్యార్థి మార్చకపోతే అతని తొడుగు ఉక్కు తొడుగుగానే ఉండిపోతుంది.

రెండవది ఇంకను సూక్ష్మమైనది. రెండు భాగాలు తాకుచున్న చోట కొత్త తెర తానే ఒక సంబంధం కల్పిస్తుంది. దాని పేరు 'బాండెడ్'. అనగా రెండు ముఖాలను శాశ్వతంగా అతికించినట్లు లెక్క. అవి జారవు, విడిపోవు. రోలరు విషయంలో ఇంజనీరు అడుగవలసిన ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి, ఇరుసు తిప్పే బలానికి తొడుగు దానిపై జారుతుందా లేదా అన్నదే. చల్లారిన తొడుగు ఎంత బిగువుతో పట్టుకున్నది, ఘర్షణ ఎంత అన్నవే అందులో కీలకం. అతికించినట్లు భావించిన మరుక్షణం ఆ ప్రశ్న అడిగే వీలే పోయినది. అడగని ప్రశ్నకు తెర మీద తప్పు గుర్తు పడదు. పచ్చని గుర్తే పడుతుంది. చల్లారినప్పుడు తొడుగులో నిలిచిపోయే బిగువు ప్రతిబలం కూడా లెక్కలోనికి రాదు. పోత ఇనుము లాగుడుకు బలహీనమైనది కాబట్టి అది చిన్న విషయం కాదు.

మూడవది మెష్, అనగా మూలకాల వల. ఇది కూడా ఒక్క నొక్కుతో తయారవుతుంది. ఇరుసు వ్యాసం మారే మెట్టు వద్ద మూలను గుండ్రం చేయకుండా పదునుగా గీసినచో, వల సన్నబడిన కొలది అక్కడి ప్రతిబలం పెరుగుతూనే పోతుంది. ఒక విలువ వద్ద నిలువదు. ఇది ముఖం పాతదా కొత్తదా అన్న దానితో సంబంధం లేని గణిత సత్యం. అయితే పాత తెర మీద వల సైజును విద్యార్థి తన చేతితో అంకె వేసి రాసేవాడు. కనీసం ఒక అంకె వేసినానన్న జ్ఞాపకం ఉండేది.

చివరకు రంగుల బొమ్మ వస్తుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఉన్నవాటిలో పెద్ద విలువకే ఎరుపు పడుతుంది. ఆ పెద్ద విలువ ప్రమాదకరమైనదా కాదా అన్న వివేకం ఆ రంగుకు లేదు. వంపును కూడా కంటికి కనబడేటట్లు ఎన్నో రెట్లు పెంచి చూపుతుంది. ఈ దోషం పాత తెరలోనూ కలదు కాబట్టి నింద కొత్తదాని మీద మాత్రమే వేయరాదు. కాని పలుచోట్ల ల్యాబు రికార్డులో నేడు మిగులుతున్నది ఈ బొమ్మ ఒక్కటే. దానిని రంగుల్లో ముద్రించి, అంటించి, సంతకం చేయించుకొనుటతో పాఠం ముగుస్తున్నది. చక్కెర ఫ్యాక్టరీలలో పాన్ వద్ద పనిచేసేవారు మీటరు ముల్లును మాత్రమే నమ్మేవారు కారు. పాన్ నుండి కొంచెం పాకం తీసి, గాజు పలక మీద పరచి, వెలుతురుకు పట్టి పలుకు చూచేవారు. మన రికార్డులలో ఆ గాజు పలక ఎక్కడ ఉన్నది?

పాత తెరకు ఆ స్థానంలో ఒకటి ఉండేది. దాని పేరు లాగ్ ఫైలు. పాత ఆన్సిస్‌లో ఆజ్ఞను టైపు చేసినా, మెనూలో నొక్కినా, ప్రతి చర్య ఆజ్ఞ రూపంలో ఒక ఫైలులో వరుసగా నమోదయ్యేది. మౌసుతో ఎంచిన చోట ఆ వరుసలు చదవడానికి కష్టమే, అయినా ఉన్నవి. పుటకు మించని ఆ రాతను గురువు చదివి, 'ఇక్కడ నీవు ఒకే పదార్థం రాసినావు, రెండవది ఏది?' అని వేలు పెట్టి చూపవచ్చును. తోటి విద్యార్థి దానిని తన యంత్రంలో తిరిగి నడిపి అదే ఫలితం వచ్చునో లేదో పరీక్షింపవచ్చును. పదేండ్ల తరువాత వచ్చిన విద్యార్థి ఒక్క అంకె మార్చి ముందుకు సాగవచ్చును. పుస్తకానికి ఉన్న గుణం అదే. దానికి మూల్యంగా విద్యార్థి ప్రతి నిర్ణయాన్ని ఒక్కసారైనా తన చేతితో రాయవలసి వచ్చేది.

పాత పద్ధతి ఉన్నచోట తప్పులు జరుగలేదని మాత్రం ఎవరూ భ్రమపడరాదు. 1991 ఆగస్టు 23న నార్వే తీరంలో స్లైప్‌నర్ ఏ అనే చమురు వేదిక పునాదిగా కట్టిన మహా కాంక్రీటు కట్టడం పరీక్షా సమయంలో సముద్రంలో మునిగిపోయినది. దాని లెక్కలు నాస్ట్రాన్‌తో చేసినవే. కాంక్రీటు గదుల గోడలు కలిసే మూలల వద్ద మూలకాలు సరిగా అమరలేదు. కోత ప్రతిబలాలు 47 శాతం తక్కువగా వచ్చినవి. ఆ లెక్కను నమ్మి గోడలలో ఇనుము తక్కువ వేసినారు. ప్రమాదం తరువాత జాగ్రత్తగా తిరిగి చేసిన విశ్లేషణలో 62 మీటర్ల లోతులో కూలవలెనని తేలినది. నిజంగా కూలినది 65 మీటర్ల వద్ద. ప్రాణనష్టం లేదు గాని, ధననష్టం అపారం. కనుక ఆజ్ఞలు రాసినవాడు జాగరూకుడు, బొమ్మ నొక్కినవాడు అజాగరూకుడు అనే తీర్పు చెల్లదు. రాసి ఉన్నదానిని వేరొకరు కూర్చుని పరీక్షించినారా లేదా అన్నదే లెక్క. రాత లేనిచో ఆ పరీక్షకు అవకాశమే లేదు.

మన కళాశాల వంటి చోట భాష సంగతి కూడా ఆలోచింపదగినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు ఇంజనీరింగుతో సహా ఉన్నత విద్య ఉర్దూలో సాగినది. అందుకు దార్-ఉల్-తర్జుమా పారిభాషిక పదాలను కూర్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో అట్టి పని చేసినది. ప్రతిబలం, వికృతి వంటి పదాలు మనకు అందినవి అట్టి కృషి వల్లనే. ఆన్సిస్ తెర మాత్రం ఉర్దూలోనూ లేదు, తెలుగులోనూ లేదు. ఆంగ్లం బాగా వచ్చినవానికి బొమ్మ కింద ఉన్న మాట అర్థమవుతుంది; రానివానికి బొమ్మ ఒక్కటే గుర్తుంటుంది. తరువాతి ప్రతిలో ఆ బొమ్మ చోటు మారినచో అతని విద్య కూడా చోటు తప్పుతుంది. ఆజ్ఞలు మాత్రం ఎవరి మాతృభాషా కావు. రెండు మూడక్షరాల ఆ పొడిమాటలు ఆంగ్ల మాధ్యమం వానికీ, మనకూ సమానంగా కొత్తవే. నేర్చుకొనుటలో ఎవరికీ పుట్టుకతో వచ్చిన ఆధిక్యం లేదు. పైగా అవి దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. ఈ సంగతిని కొత్త తెరను పొగిడేవారు గాని, పాత తెరను పొగిడేవారు గాని చెప్పగా నేను వినలేదు.

ఇతర సాఫ్ట్‌వేర్ల చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1982లో వెలువడిన ఆటోక్యాడ్‌కు 2009 ప్రతితో పైన రిబ్బను వచ్చినా, కింద ఆజ్ఞల వరుస పోలేదు. నేటికీ వేగంగా గీసేవాడు గీతకు 'ఎల్' అని టైపు చేయుటనే మనం చూస్తున్నాము. సివిల్ ఇంజనీర్లు వాడే స్టాడ్‌లో కట్టడాన్ని బొమ్మగా గీసినా, లోపల అది చదువదగిన వాక్యాల ఫైలుగానే ఉంటుంది. ఆన్సిస్ సంస్థ సైతం ఇటీవలి సంవత్సరాలలో పైథాన్ భాషలో రాసి నడిపే మార్గాన్ని ముందుకు తెచ్చినది. 2025 జూలైలో ఆ సంస్థ సినాప్సిస్ అనే మరొక సంస్థలో విలీనమైనది. తెర మరల ఎట్లు మారునో చూడవలసి ఉన్నది. పెద్ద సంస్థలలో ఒకే ఇరుసును వంద కొలతలతో వందసార్లు పరీక్షించవలసి వచ్చినప్పుడు ఎవరూ వందసార్లు బొమ్మలు నొక్కరు. ఉద్యోగానికి పోయే మన విద్యార్థికి రాత మార్గం తెలియకపోతే అతడు వెనుకబడినట్లే.

కళాశాల కమిటీ వారికి నా సూచనలు ఖర్చుతో కూడినవి కావు. విద్యార్థులు వాడుకొనుటకు పరిమితులతో కూడిన ఉచిత ప్రతిని ఆన్సిస్ వారే ఇస్తున్నారు. పాఠానికి అది చాలును. మొదటి ప్రయోగాలు వర్క్‌బెంచ్‌లోనే జరగనిండు. అయితే సంవత్సరంలో రెండు ప్రయోగాలను, పైన చెప్పిన కడ్డీ వంటి చిన్నవాటిని, పాత తెరలో పది పదిహేను ఆజ్ఞలతో రాయించవలెను. కొలమానం గొయ్యిలో ఒకసారి విద్యార్థిని కావాలనే పడవేసి, పుస్తక సూత్రంతో తానే బయటపడేటట్లు చేయవలెను. ఆ ఒక్క గంట అతనికి ఉపన్యాసం కంటె ఎక్కువ నేర్పును.

రెండవది, వర్క్‌బెంచ్ లెక్క చేయుటకు ముందు ఒక ఇన్‌పుట్ ఫైలును తానే రాసి, పాత యంత్రాంగానికి అప్పగిస్తుంది. మెనూ ద్వారా దానిని బయటకు తీయవచ్చును. అందులో వేల వరుసలు బిందువుల స్థానాలే. అవి మనిషి చదువదగినవి కావు, చదువనక్కరలేదు. కాని పదార్థాల వరుసలు, స్పర్శల వరుసలు, బరువుల వరుసలు చదువవచ్చును. 'బాండెడ్' స్పర్శ ఉన్నచోట 'ఎల్లప్పుడూ అతికి ఉండును' అనే అర్థం గల ఆంగ్ల వ్యాఖ్య కూడా ఆ వరుస పక్కనే కనబడుతుంది. తెర చెప్పనిది ఆ ఫైలు చెబుతున్నది. రికార్డులో రంగుల బొమ్మ పక్కన ఈ వరుసలను, చేతితో చేసిన ఒక ఉజ్జాయింపు లెక్కను, తాను మార్చకుండా వదిలిన విలువల జాబితాను ఒక పుటలో రాయించవలెను. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా అంగీకరించవలెను.

మౌఖిక పరీక్షలో బొమ్మను చూపి 'ఇది ఏమిటి' అని అడుగుట మానవలెను. ఫైలు తెరిపించి, తొడుగు పదార్థం ఏ వరుసలో ఉన్నదో వేలు పెట్టి చూపుమని అడిగిన చాలును.